దూకుటకు ముందు పరుగు: గ్రామ క్రీడాస్థలములను గూర్చి పంచాయతీలకు కొన్ని సూచనలు

పెదపాడు చుట్టుపట్ల పొలములలో పెరిగిన పిల్లవానికి బోదె దాటుట ఎవరును నేర్పనక్కరలేదు. నాలుగైదు మూరల వెడల్పు గల బోదెను వాడు గట్టు వెంబడి పరుగెత్తి వచ్చి అవలీలగా దాటును. అదే పిల్లవానిని బడి ఆవరణలో ఇసుక గుంట యెదుట నిలిపి దూకుమన్నచో వ్యవహారము మారిపోవును. గుంట దగ్గర పడగానే తడబడును. గబగబ నాలుగు చిట్టడుగులు వేసి, వచ్చిన వేగమంతయు పోగొట్టుకొని, నిలిచినచోటనుండి దూకినవానివలె గుంట అంచుననే కూలబడును. బోదె యొద్ద కుదిరిన అడుగు బడిలో ఏల కుదరలేదు?

కారణము కష్టమైనది కాదు. బోదె యొద్ద వాడు తన దూరమును తానే ఎన్నుకొనును. అడుగు ఎక్కడ కుదిరిన అక్కడనే గట్టుమీదినుండి లేచును. బడిలోనైతే గీత ఇతరులు గీసినది. ఆ గీతమీదనే, తాను దూకు కాలే, పూర్తి వేగముతో వచ్చి పడవలెను. దీనికి అభ్యాసము కావలెను, అభ్యాసమునకు చోటు కావలెను. మన గ్రామములలో చాలచోట్ల ఈ రెండవది లేకుండుటచేతనే మొదటిది లేకపోవుచున్నది.

ఇది ఆటల మాస్టరుగారు చూచుకొనవలసిన విషయమే గాని పంచాయతీ సభ్యులకు దీనితో పని యేమని అనిపించవచ్చును. కాని గ్రామములలో ఇసుక గుంటలు ఎట్లు త్రవ్వబడుచున్నవో ఒకమారు గమనింపుడు. ఆవరణలో ఏ పనికిని రాని మూల ఏదియో చూచి, ప్రహరీగోడ ప్రక్కన గుంట త్రవ్వి, రెండు బండ్ల ఇసుక పోసి పని ముగిసినదని భావింతుము. గుంటకు ముందు పరుగెత్తుటకు ఎనిమిది, పది గజముల చోటు కూడ ఉండదు. ఉన్న చోటులోనే మధ్యాహ్న భోజనపు కట్టెలు, విరిగిన బల్లలు, గోడకు ఆనించిన సైకిళ్ళు. గుంటకై చేసిన ఖర్చు అక్కడ కనబడుచునే యుండును. కాని దూకువానికి ముఖ్యమైనది గుంట కాదు, గుంటకు ముందున్న బాట.

పరుగులోనే బలము

తొడలలో బలమున్నవాడే దూరము దూకునని లోకములో ఒక నమ్మకము కలదు. అది సగము మాత్రమే నిజము. 1904వ సంవత్సరమున సెయింట్ లూయిస్ నగరములో జరిగిన ఒలింపిక్ క్రీడలలో నిలిచినచోటనుండియే దూకు పోటీ యొకటి ఉండెను. అమెరికా దేశస్థుడైన రే యూరీ అందులో 3.47 మీటర్లు దూకి ప్రథముడయ్యెను. కాళ్ళ బలమునందు ఆ కాలమున ఆయనకు సాటి లేదు. పరుగెత్తి వచ్చి దూకు పోటీలో ప్రపంచపు రికార్డు 1991లో టోక్యో నగరమున మైక్ పావెల్ దూకిన 8.95 మీటర్లు. రెంటికిని మధ్య భేదము 5 మీటర్లకు పైబడియున్నది. నడుమ గడచిన కాలమున శిక్షణ ఎంత మెరుగైనదనుకొన్నను, ఆ భేదములో అధిక భాగము పరుగు ఇచ్చినదే.

నేలనుండి పాదము లేచిన తరువాత మనుష్యుడు గాలిలో చేతులు, కాళ్ళు ఎంత ఆడించినను తన శరీరపు గరిమనాభి పోవు మార్గమును మార్చుకొనలేడు. ఎంత వేగముతో, ఏ కోణమున నేలను విడిచెనో ఆ క్షణముననే దూరము చాలవరకు నిర్ణయమైపోవును. ఉత్తమశ్రేణి దూకువారి పాదము ఎగురు పలకమీద నిలుచు కాలము సెకనులో సుమారు ఎనిమిదవ వంతు మాత్రమే. అంత స్వల్పకాలములో కొత్తగా బలము పుట్టించుట సాధ్యము కాదు. పరుగులో కూడబెట్టిన వేగమును పైకి త్రిప్పుట మాత్రమే సాధ్యము. కూడబెట్టినది లేనప్పుడు త్రిప్పుటకు ఏమియు ఉండదు.

చివరి రెండు అంగలలో ఒక రహస్యము కలదు. చక్కగా దూకువారిని ప్రక్కనుండి గమనించినచో, చివరి దానికి ముందటి అంగ తక్కినవాటికంటె కొంచెము పొడవుగా ఉండి, నడుము స్వల్పముగా క్రిందికి దిగును. ఆ తరువాతి చివరి అంగ పొట్టిగా, త్వరగా పడును. పాదము దాదాపు పూర్తిగా నేలకు ఆని వెంటనే లేచును. నడుము క్రిందికి దిగి మరల పైకి లేచునపుడే దూకు ఎత్తు సంపాదించుకొనును. దీనిని నోటితో చెప్పుట సులభము. పిల్లలకు మాటలతో నేర్పుట మిక్కిలి కష్టము. చప్పుడుతో నేర్పుట మేలు. చప్పట్లు చరచి "త... త... తా-త" అని లయ చెప్పినచో, కోలాటము తెలిసిన పిల్లలు ఆ లయను ఒక్క సాయంకాలములో పట్టుకొందురు.

తప్పులు ముఖ్యముగా రెండు విధములు. గీత సమీపించునప్పటికి అడుగు కుదరదేమో యను భయముతో చిట్టడుగులు వేయుట మొదటిది. దీనివలన వేగము నశించును, కాని దెబ్బ తగులదు. గీత ఇంకను దూరముగా ఉన్నదని గ్రహించి కాలు బారజాచి అందుకొనుట రెండవది. ఇది ప్రమాదకరము. మడమ శరీరమునకు చాల ముందుగా పడుటచే అది బండికి అడ్డుకట్టె వేసినట్లు పనిచేయును. ఆ అదురు అంతయు మోకాలు, చీలమండ భరింపవలెను. బడి ఆటలపోటీల మరునాడు కుంటుచు వచ్చు పిల్లలలో పలువురి కథ ఇదియే. గుంటలో ఇసుక తక్కువై దెబ్బ తగిలినదని మనము అనుకొందుము. దెబ్బ ఇసుకకు రెండు గజముల ముందే తగిలియుండును.

కన్ను చేయు పని

ఇంగ్లండునకు ఉత్తరమునగల స్కాట్లండులో ఎడింబరో విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ లీ అను శాస్త్రజ్ఞుడు ఇద్దరు సహచరులతో కలిసి లాంగ్ జంప్ దూకు స్త్రీల అడుగులను పరిశీలించి 1982లో ఫలితములను ప్రకటించెను. అప్పటివరకు శిక్షకులు నమ్మినదేమనగా, అభ్యాసముచే పరుగు గడియారమువలె స్థిరపడును, ఒకే చోట మొదలిడినచో పాదము ఒకేచోట పడును, దారిలో చూడవలసిన పనిలేదు అని. పరిశీలనలో తేలినది వేరు. మొదటి అంగలు చాలవరకు ఒకే తీరుగానే ఉన్నవి. కాని ప్రతి అంగలోను వచ్చు స్వల్పమైన తేడా తరువాతి అంగ తేడాతో కూడుచు, గీత సమీపించునప్పటికి పాదము పడు చోటు ఒక పరుగుకు, వేరొక పరుగుకు సుమారు 35 సెంటీమీటర్లవరకు మారుచుండెను. చివరి కొద్ది అంగలలో మాత్రము ఆ తేడా తగ్గి, పలకమీదికి వచ్చునప్పటికి 10 సెంటీమీటర్లలోపునకు దిగెను. అనగా తాము ఎరుగకయే వారి కన్ను పలకను కొలిచి, కాలికి దారి చెప్పి, అంగను సవరించినది.

ఇందుమూలమున పల్లెటూరి శిక్షణకు రెండు మాటలు తేలుచున్నవి. మొదలిడు చోటును కొలిచి స్థిరపరచుకొనవలెను. అది లేనిచో తేడా మూరెడు, రెండు మూరలు పెరిగి చివరి అంగలలో సవరించుటకు వీలుపడదు. రెండవది, చివరి సవరణ కన్ను తనంతట చేయు పని గనుక, పిల్లవానిని తల వంచి పలకనే చూడుమని ఒత్తిడి చేయరాదు. తల వంచినచో నడుము వంగును, నడుము వంగినచో వేగము పోవును. చూపు గుంటకు ఆవలనున్న చెట్టుమీదనో, గోడమీదనో ఉండవలెను. పలక చూపు అంచున కనబడుచునే యుండును. అది చాలును.

మన ఆడపిల్లల తొక్కుడుబిళ్ళ ఆట ఈ విద్యయే. గీత తొక్కకుండ, ఒంటికాలిమీద, ఏ గడిలో ఏ కాలు పడవలెనో ముందుగా లెక్కించుకొని గెంతుట. దీనిని ఆటగా పరిగణించు మాస్టరులు తక్కువ. కాని లాంగ్ జంప్‌లో గీత దాటి పాదము వేయు మగపిల్లలతో పోల్చి చూచినచో, తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్లల అడుగు ఎంత శుద్ధమో తెలియును.

అడుగుల లెక్క: విశాఖపట్నపు జ్యోతి

అడ్డంకికి ముందు అడుగుల లెక్క ఎంత నిక్కచ్చిగా ఉండవలెనో హర్డిల్స్ పరుగునందు స్పష్టముగా కనబడును. మన రాష్ట్రమున విశాఖపట్నములో సామాన్య కుటుంబమున పుట్టి పెరిగిన యర్రాజి జ్యోతి పరుగు ఇది: స్త్రీల 100 మీటర్ల హర్డిల్స్. అందులో 83.8 సెంటీమీటర్ల ఎత్తు గల పది అడ్డంకులుండును. బయలుదేరు గీతనుండి మొదటిది 13 మీటర్లు. ఒకదానికొకటి 8.5 మీటర్లు. చివరిదానినుండి గమ్యమునకు 10.5 మీటర్లు. మొదటి అడ్డంకివరకు సాధారణముగా ఎనిమిది అంగలు, అటుపై అడ్డంకుల నడుమ మూడేసి అంగలు. ఒక్క అంగ ఎక్కువ, తక్కువలకు అవకాశము లేదు.

మూడే ఎందులకని అడుగవచ్చును. అడ్డంకి దాటి ఒక కాలితో దిగిన తరువాత మూడు అంగలు వేసినచో మరల మొదట లేచిన కాలే ఎగురుటకు సిద్ధమగును. నాలుగు వేసినచో కాలు మారిపోవును. రెండు కాళ్ళతోను సమానముగా లేవగలవారు అరుదు గనుక మూడంగల లయయే ఆ పరుగునకు ప్రాణము. ఇదే కారణమున మొదటి అడ్డంకివరకు వేయు అంగల సంఖ్య మారినచో, బయలుదేరునపుడు ముందుంచు కాలు కూడ మారవలెను. చైనా దేశపు లియు షియాంగ్ 2004లో ఏథెన్సు ఒలింపిక్‌లో పురుషుల 110 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణము గెలిచినవాడు. మొదటి అడ్డంకివరకు ఎనిమిది అంగల అలవాటుతోనే అంతవాడైనను, 2011 నాటికి దానిని మాని ఏడు అంగలకు మారెను. ఒక్క అంగ తగ్గించుటకు, సంవత్సరముల తరబడి అలవడిన నిలుకడను విప్పి, రెండవ కాలు ముందుంచి మరల నేర్చుకొనవలసివచ్చెను.

జ్యోతి జీవితములో 2022 ఏప్రిల్ నెలలో ఒక సంఘటన జరిగినది. కోళికోడ్‌లో ఫెడరేషన్ కప్ పోటీలలో ఆమె 13.09 సెకనులలో పరుగెత్తెను. అది అప్పటి జాతీయ రికార్డుకంటె, అనగా అనూరాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకనులకంటె, ఎంతో మేలైనది. కాని ఆ సమయమున వెనుకనుండి వీచిన గాలి వేగము సెకనుకు 2.1 మీటర్లుగా తేలినది. నిబంధన ప్రకారము 2.0 మీటర్లకు మించరాదు. అందుచే రికార్డు లెక్కకు రాలేదు. తరువాతి నెలలోనే సైప్రస్ దేశపు లిమసాల్ నగరమున 13.23 సెకనులతో నిబంధనలకు లోబడి పాత రికార్డును దాటెను. ఆ అక్టోబరులో బెంగుళూరున 12.82 సెకనులు, మరుసటి యేడు బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణము, చెంగ్డు విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకనులతో కాంస్యము. 2024లో ప్యారిస్ ఒలింపిక్‌లో ఈ పోటీయందు పాల్గొన్న మొదటి భారతీయ స్త్రీ ఆమెయే. 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమి నగరమున 12.96 సెకనులతో ఆసియా స్వర్ణమును నిలబెట్టుకొనెను.

గాలిని గూర్చి ఇంత చెప్పుటకు కారణము కలదు. వెనుకగాలి పరుగువానికి ఎప్పుడును మేలే చేయునని అనుకొందుము. అడ్డంకి యున్నచోట అది తంటా కూడ తెచ్చును. గాలి త్రోపుడుకు ప్రతి అంగ కొంచెము సాగి, అడ్డంకికి మరీ దగ్గరగా పాదము పడును. దగ్గరగా పడినవాడు నిలువుగా ఎగురవలెను, లేదా కాలు తగులును. ఎదురుగాలిలో అంగలు కురుచబారి గీత అందకుండ పోవును. లాంగ్ జంప్‌లోనైతే మొదలిడు గుర్తును వెనుకగాలికి జానెడో, మూరెడో వెనుకకును, ఎదురుగాలికి అంతయే ముందునకును జరుపుకొనవచ్చును. హర్డిల్స్‌లో ఆ వీలు లేదు. అడ్డంకి కదలదు, గీత కదలదు, కాలే సర్దుకొనవలెను. కొల్లేటి వైపు మైదానములలో గాలికి అడ్డు లేదు గనుక మన పిల్లలు ఈ సంగతి మొదటినుండియే ఎరిగియుండుట మంచిది.

హైదరాబాదులో పెరిగిన అగసర నందిని 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో హెప్టాథ్లాన్ కాంస్యమును, 2025లో గుమిలో అదే పోటీయందు స్వర్ణమును సాధించినది. ఆ ఏడు పోటీలలో హర్డిల్స్, హైజంప్, లాంగ్ జంప్ మూడును అడుగుల లెక్కమీదనే ఆధారపడినవి. ఈమె తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుకొన్న బాలిక.

పార్కూర్ అను కొత్త వ్యాయామము

యువకులు నేడు ఫోనులలో చూచి అనుకరించు వ్యాయామమొకటి కలదు. దానిని పార్కూర్ అందురు. గోడలు, కమ్ములు, మెట్లు మొదలగు అడ్డంకులను వాహనము గాని పరికరము గాని లేకుండ, నిలువకుండ దాటుచు పోవుట దాని స్వరూపము. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి నౌకాదళాధికారి జార్జి హెబెర్ పరుగు, దూకు, ఎక్కుట, ఈత మొదలగు సహజ చలనములతో ఒక వ్యాయామ పద్ధతిని ప్రచారము చేసెను. ఫ్రెంచి సైనికుల అడ్డంకుల బాటకు అది ప్రేరణయైనది. ప్యారిస్ అగ్నిమాపక దళమున పనిచేసిన రేమండ్ బెల్, ఆయన కుమారుడు డేవిడ్ బెల్ దానిని నేటి రూపమునకు తెచ్చిరి. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య 2018లో దీనిని స్వీకరించి, 2022లో టోక్యోలో మొదటి ప్రపంచ పోటీలు జరిపించినది. దీని మూలము ఆపదలో మనుష్యుని కాపాడుకొనుట, కాపాడుట. మేడమీదినుండి దూకి చూపించుట కాదు.

కాని పల్లెలకు చేరినది ఆ రెండవ భాగమే. కాలువ లాకులమీదను, వంతెన పిట్టగోడలమీదను, కట్టుచున్న ఇండ్ల కప్పులమీదను యువకులు దూకుచు చిత్రములు తీసికొనుచున్నారు. నాచు పట్టిన లాకు రాతిమీద, తడిసి జారు గట్టుమీద అడుగు తప్పినచో ఏమగునో చెప్పనక్కరలేదు. పంచాయతీ దండోరా వేయించి వద్దన్నచో రెండు దినములు మానుదురు. మూడవ దినమున ఊరి వెలుపలి వంతెనకు పోవుదురు. వద్దనుటతో పాటు, ఎక్కడ దూకవచ్చునో ఆ చోటు కూడ చూపవలెను.

పార్కూర్‌లోను అడ్డంకి ముందు అడుగే ప్రధానము. హర్డిల్స్‌కు దీనికి భేదమేమనగా, ఇచ్చట అడ్డంకులు సమాన దూరమున ఉండవు, అంగల సంఖ్య ముందుగా తెలియదు. అందుచే కన్నుతో దూరమును పట్టి, నాలుగైదు అంగల ముందుగానే సర్దుకొను నేర్పు కావలెను. కొత్తవారు చేయు తప్పు ఒకటే: భయముచే అడ్డంకికి అతి సమీపమునకు పోయి అక్కడ లేతురు. దగ్గరగా పోవుటయే క్షేమమని వారి మనస్సు చెప్పును. నిజమునకు అదియే ప్రమాదము. అతి దగ్గరనుండి లేచినవాని మోకాలో, కాలివ్రేళ్ళో అడ్డంకికి తగులును, మొగము ముందుకు పడును. మోకాలెత్తు అడ్డంకికి తన కాలి పొడవంత దూరములోనైనను లేవవలెనని నేలమీద సున్నపు గీత గీసి నేర్పవచ్చును. అడ్డంకి లేకుండ ఆ గీతను మాత్రమే దాటించుచు ఒక వారము గడపవలెను. ఆ పిమ్మట రెండు పంగల కర్రలమీద కిక్కిస కాడ యొకటి వదులుగా ఉంచవలెను. కాలు తగిలినంతనే అది పడిపోవలెను, కట్టివేయరాదు. మురుగుకాలువ గట్లమీద దొరకు కిక్కిసకు డబ్బు పెట్టి కొనవలసిన పనిలేదు. తాటిదుంగను గాని సిమెంటు దిమ్మెను గాని అడ్డంకిగా ఉంచుట తగదు. తగిలిన కాలును అవి క్షమింపవు.

ఉద్యోగమునకును ఇదే బాట

లాంగ్ జంప్ బడి ఆటగా మాత్రమే మిగిలిన రోజులు పోయినవి. మన రాష్ట్రమున పోలీసు కానిస్టేబుల్ నియామకములలో ప్రాథమిక వ్రాతపరీక్ష నెగ్గినవారికి దేహదారుఢ్య పరీక్షలు జరిపినపుడు, 1600 మీటర్ల పరుగుతోపాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ కూడ వానిలో ఉన్నవి. నెలల తరబడి కూర్చుండి చదివిన యువతీయువకులు పుస్తకములకు పెట్టిన శ్రద్ధలో పదవవంతైనను అడుగునకు పెట్టరు. పరుగు దారిమీద సాధన చేయుదురు. దూకు మాత్రము పరీక్షా స్థలమునకు పోయిన తరువాత చూచుకొందమనుకొందురు. అక్కడ గీత దాటి పాదము పడినచో ఆ దూకు లెక్కకు రాదు. గీతకు మూరెడు వెనుకనుండి లేచినచో, కొలత గీతనుండి తీయుదురు గనుక, ఆ మూరెడును పోవును. కావలసిన దూరము దూకగలిగియు తప్పినవారు ఇట్లే తప్పుదురు. వారికి లోపించినది బలము కాదు, కొలిచి పెట్టుకొన్న ఒక గుర్తు.

బాట వేయుట

పోటీ నిబంధనల ప్రకారము లాంగ్ జంప్ పరుగుబాట 40 మీటర్లకు తక్కువ కారాదు, వెడల్పు 1.22 మీటర్లు. ఎగురు పలక వెడల్పు 20 సెంటీమీటర్లు. అది గుంట దగ్గరి అంచునకు 1 మీటరునుండి 3 మీటర్ల లోపల ఉండవలెను. పలకనుండి గుంట ఆవలి అంచునకు కనీసము 10 మీటర్లు. గుంట వెడల్పు 2.75 మీటర్లకు తగ్గరాదు, 3 మీటర్లకు మించరాదు. ఇంత చోటు బడి ఆవరణలో లేనిచో చెరువుగట్టు క్రిందనో, సంత జరుగు స్థలము ప్రక్కనో వెదకవచ్చును. 30 మీటర్ల బాటతో కూడ పిల్లల శిక్షణకు లోటు రాదు. కాని పలకను గుంటకు 3 మీటర్ల దూరమున పాతుట చిన్నపిల్లల విషయమున పొరపాటు. వారు ఇసుకను చేరక గట్టి నేలమీదనే పడుదురు. పిల్లలకు 1 మీటరు దూరమే తగినది. పెద్దలకు వేరొక గీత వెనుకగా గీయవచ్చును.

పెదపాడు మొదలుకొని కొల్లేటివరకు ఉన్న పొలములలో విస్తారముగా ఉన్నది నల్లరేగడి నేల. ఎండకాలమున పాదము పట్టునంత వెడల్పుగా పగుళ్ళిచ్చును. వానకాలమున కాలికి అంటుకొని ముద్దలు కట్టును. రెండు కాలములందును పరుగునకు పనికిరాదు. పగుళ్ళలో చీలమండ మెలిపడును, బురదలో చివరి అంగ జారును. ఏ చోట అడుగు కుదరవలెనో ఆ చోటనే నేల నమ్మకము లేనిదైనచో పిల్లవాడు చిట్టడుగులు వేయుటలో ఆశ్చర్యమేమి? అందుచే నల్లమట్టిని జానెడు లోతు తీసివేసి, మెట్టప్రాంతపు గరప గాని గ్రావెలు గాని పోసి, తడిపి, రోలరు త్రిప్పించవలెను. బాట చుట్టునున్న నేలకంటె అరమూర ఎత్తుగా ఉండి, నడుమ కొంచెము ఉబ్బి, ఇరుప్రక్కల వాన నీరు జారునట్లుండవలెను. పైన గులకరాళ్ళు తేలకుండ జల్లించిన మన్ను పలుచగా చల్లవలెను. మన పిల్లలు చాలమంది వట్టికాళ్ళతోనే పరుగెత్తుదురు గదా. దిశ నిర్ణయించునపుడు సాయంకాలపు ఎండ కన్నులలో పడకుండ చూచుకొనవలెను. ఉత్తర దక్షిణములుగా వేసిన బాటకు ఈ చిక్కు లేదు.

సిమెంటు బాట వేసినచో శాశ్వతముగా ఉండునని కొందరు సభ్యులు సూచింతురు. శాశ్వతముగా ఉండుట నిజమే. మోకాళ్ళు మాత్రము ఉండవు.

ఎగురు పలకకు గట్టి కర్ర కావలెను. తుమ్మకర్ర గాని వేపకర్ర గాని నాలుగు అడుగుల పొడవున కోయించి, నేలతో సమానముగా పాతి, సున్నము వేయించవలెను. వ్రేలెడు ఎత్తు లేచియున్నను కాలివ్రేళ్ళు చితుకును. వ్రేలెడు దిగియున్నను మడమ అదరును. గుంటలో ఏటి ఇసుక మూరెడు లోతుండవలెను. కుక్కలు, పశువులు పడుకొనకుండ ముళ్ళకంప వేయుట మన అలవాటు. ముళ్ళు ఇసుకలో రాలును గనుక అది తగదు. పాత తాటాకు చాప కప్పుట మేలు.

ఆడపిల్లలకు ఆ బాటమీద సమయము ప్రత్యేకముగా కేటాయించవలెను. సాయంకాలము మగపిల్లలు క్రికెట్టు ఆడుచుండగా నడుమ పరుగుబాట ఉన్నచో ఏ తల్లియు కూతురును పంపదు. ప్రాతఃకాలపు ఒక గంట, వారికొక స్త్రీ ఉపాధ్యాయురాలో, అంగన్‌వాడీ కార్యకర్తయో తోడుండునట్లు ఏర్పాటు చేసినచో సరిపోవును. గ్రామసభలో ఈ మాట స్త్రీ సభ్యులే ఎత్తుట మంచిది.

గుర్తు కొలుచుకొను విధము

ఇది పంచాయతీ గుమాస్తా కూడ నేర్పగలిగినంత సులభము. పిల్లవాడు తాను ఎగురు కాలిని పలకమీద ఉంచి, గుంటకు వీపు చూపి నిలిచి, బాట వెంబడి వెనుకవైపునకు పూర్తి వేగముతో పరుగెత్తవలెను. ఎన్ని అంగలనగా, పది పన్నెండేండ్లవానికి వయస్సెంతయో అన్ని అంగలు చాలును. అభ్యాసము ముదిరిన పెద్దవారు ఇరువది దాకను వేయుదురు. పదకొండు అనుకొందము. పదకొండవ అంగ పడినచోట తోటివాడు పుల్ల గ్రుచ్చవలెను. ఇట్లు ఐదారు మారులు చేసినచో పుల్లలు ఒకచోట గుంపుగా నిలుచును. ఆ గుంపు నడుమ మేకు దిగగొట్టినచో అదియే వాని గుర్తు. తరువాత అక్కడనుండి గుంటవైపు పరుగెత్తి సరిచూచుకొనవలెను. బేసి అంగలైనచో మొదటి అంగ ఎగురు కాలితోనే వేయవలెను, సరి అంగలైనచో రెండవ కాలితో. మొదటి అంగ ప్రతిమారు ఒకే తీరుగా పడుట ముఖ్యము. కొందరు రెండడుగులు నడిచి వచ్చి పరుగందుకొందురు. మొదట్లోనే తేడా పుట్టించు ఆ అలవాటును మాన్పించవలెను.

పలకకు నాలుగు అంగల ముందు ఇంకొక గుర్తు పెట్టి, అచ్చట ఒకడు చతికిలబడి చూచుచుండవలెను. ఆ గుర్తుమీద పాదము సరిగా పడి, పలక యొద్ద తప్పినచో లోపము చివరి అంగలలో ఉన్నదని అర్థము. ఆ గుర్తు యొద్దనే తప్పినచో మొదలిడు చోటు మార్చవలెను. ఈ రెంటిని వేరుపరచి చెప్పకుండ "సరిగా దూకవోయ్" అని కేకలు వేయుట నిష్ప్రయోజనము.

పిల్లలు ఎదుగుచున్నకొలది కాలి పొడవు, వేగము పెరుగును గనుక గుర్తు కూడ మారుచుండును. వేసవి సెలవులకు ముందు కొట్టిన మేకు సెలవుల తరువాత పనికిరాదు. మూడు నెలలకొకమారు మరల కొలిచి, ప్రతి పిల్లవాని పేరునకు ఎదురుగా పలకనుండి గుర్తు ఎన్ని అడుగుల దూరమో, ఎన్ని అంగలో, ఏ కాలో ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, మాస్టరు బదిలీయై పోయినను లెక్క ఊరిలోనే నిలుచును. కొలతకు టేపు లేనిచో ముడులు వేసిన నులకత్రాడు చాలును. తడిసినపుడు అది కుదించుకొనును గనుక, వానలో దానితో కొలువరాదు.